ముప్ఫై ఎనిమిదో నంబరు కింద ఒక వరుస

సభాధ్యక్షులకు, వేదిక మీద కుర్చీలు దొరికిన పెద్దలకు, కింద కుర్చీలు దొరికిన మిత్రులకు, ఏ కుర్చీ దొరక్క గోడ వారగా నిలబడి బిస్కెట్ల బల్ల మీద ఒక కన్ను వేసి ఉంచిన నా ఈడు వాళ్లకు, అందరికన్నా ముందుగా ఇవాళ సాయంత్రం అయిదు గంటలకు పదవీ విరమణ చేస్తున్న మా మేడంగారికి నమస్కారం. అందరికన్నా ముందంటూనే అందరికన్నా చివర చెప్పావేమిటని అడగకండి. ఇలాంటి పొరపాట్లకే నాలుగేళ్లుగా ఆవిడ దగ్గర జీతంతో పాటు చీవాట్లు కూడా తింటున్నాను. (నవ్వులు)

నాకు అయిదు నిమిషాలు కేటాయించారు. అధ్యక్షులవారు తమ చేతి గడియారం విప్పి బల్ల మీద, నాకు కనపడేలా పెట్టుకున్నారు. కనపడింది సార్.

ముందు వరుసలో మేడంగారి ఇంటివారు కూర్చున్నారు. ఇందాక మేడంగారి ఆడపడుచుగారు నన్ను మెట్ల దగ్గర పట్టుకుని, "బాబూ, మా వదిన ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఈ ఆఫీసుకొస్తోంది. ఇక్కడేం చేస్తుందో మా ఇంట్లో ఒక్కరికీ తెలీదు. అడిగితే 'పేర్లు పెడతాను' అంటుంది. రేపట్నుంచి ఇంట్లోనే ఉంటుంది కదా, ఇక మాకు పెడుతుందేమోనని భయంగా ఉంది. కాస్త అర్థమయ్యేలా చెప్పవయ్యా" అన్నారు. అందుచేత ఈ సభలోని నిపుణులు రెండు నిమిషాలు చెవులు మూసుకోవలసిందిగా ప్రార్థన.

అమ్మా, మనుషుల్లో డైరీ రాసేవాళ్లు తగ్గిపోయారు గానీ, యంత్రాలు మాత్రం ఒక్కరోజు కూడా మానకుండా రాస్తాయి. ఇప్పుడు వేడెక్కాను, ఇప్పుడు చల్లబడ్డాను, ఇప్పుడే ఎవరో నన్ను కాలితో తన్నారు, ఇలా నిమిషానికో వరుస. దాన్ని లాగ్ అంటారు. ఈ ఉద్యోగం వచ్చిన కొత్తలో మా అమ్మమ్మకు లాగ్‌ల పని అని చెబితే, "ఇంత చదువూ చదివింది లాగులు కుట్టడానికా" అని రెండు రోజులు ముద్ద మింగలేదు. సరే, ఒక్కో కంపెనీ యంత్రం ఒక్కో తీరున డైరీ రాస్తే చదివేవాడికి పిచ్చెక్కుతుంది కనుక, పూర్వం పెద్దలంతా కూర్చుని ఒక ప్రోటోకాల్ రాశారు. సమయం ఫలానా చోట రాయాలి, యంత్రం పేరు ఫలానా చోట, వచ్చిన ఆపద ఎంత పెద్దదో ఫలానా చోట. ఇంతవరకు అందరికీ ఒకటే పద్ధతి. కానీ ప్రతి కంపెనీకీ తనదంటూ ఒక సొంత గొడవ ఉంటుంది కదా. పంపులవాళ్లకు నీటి ఒత్తిడి, తలుపులవాళ్లకు తాళం, బల్బులవాళ్లకు వెలుతురు. ఆ సొంత గొడవ కూడా రాసుకోండి, వద్దనం, కాకపోతే మీరు పెట్టుకునే ప్రతి పేరుకూ ముందు మీ కంపెనీ నంబరు తగిలించండి, అంటుంది ప్రోటోకాల్. మనకు ఇంటిపేరెలాగో వాటికి ఆ నంబరు అలాగ. తరగతిలో ఒకే పేరున్న పిల్లలు నలుగురుంటే పంతులుగారు ఇంటిపేరుతోనే కదా హాజరు పిలుస్తారు. ఆ ఇంటిపేర్లు పంచిపెట్టే పుస్తకం మేడంగారి చేతిలో ఉంటుంది. ఆవిడ చేసేది అదమ్మా. అందుకే మా దగ్గర నంబర్లు తీసుకునే కంపెనీలవాళ్లు ఆవిడ వినకుండా ఆవిణ్ణి నంబరమ్మ అంటారు. వినకుండా అనే కదా అన్నాను, ఎందుకలా చూస్తారు, వాళ్లలో ఆరుగురు ఈ హాల్లోనే ఉన్నారు. (నవ్వులు)

నిపుణులు చెవులు తెరవవచ్చు.

నియమం చెప్పడానికి తేలికే. ముందు నంబరు, తర్వాత చుక్క, ఆ తర్వాత పేరు. "చుక్క తర్వాత మీ ఇష్టం, చుక్కకు ముందు నా ఇష్టం" అని ఆవిడ ఫోన్లో అంటూ ఉంటే పక్క గదిలో మేము చేస్తున్న పని ఆపి వినేవాళ్లం. ఒకసారి ఒక పెద్ద కంపెనీ ఆఫీసరుగారు ఫోన్ చేసి, "మేమెవరమో లోకమంతా తెలుసండీ, మాకు కూడా నంబరెందుకు?" అన్నారు. "లోకానికి తెలుసండీ, మెషీనుకు తెలీదు" అని మేడంగారు ఫోను పెట్టేశారు. ఇంకో కంపెనీవారు, ఇది తాత్కాలికంగా వాడుకునే పేరే కనుక నంబరు లేకుండా వదిలెయ్యమని ఎంతో మర్యాదగా ఉత్తరం రాశారు. జవాబు నేనే టైపు చేశాను. ఒకటే వాక్యం. "తాత్కాలికమని చెప్పి వేసిన రేకుల షెడ్డును పీకేసినవాళ్లను మీరు ఎక్కడైనా చూసి ఉంటే తెలియజేయగలరు." మన టీ గది సంగతి తెలిసినవారికి ఆ వాక్యం విలువ తెలుస్తుంది. నేను పుట్టకముందు ఆరు నెలల కోసం వేసిన షెడ్డు అది. ఇవాళ మీరు తాగిన టీ అందులో కాచిందే.

నియమాలన్నిటిలోకీ నాకు మింగుడుపడనిది ఒకటుండేది. మూతపడిన కంపెనీ నంబరు మళ్లీ ఎవ్వరికీ ఇవ్వకూడదు, ఎన్నేళ్లయినా సరే. నేను చేరిన మొదటి నెలలో వాదించాను. మేడం, ఆ కంపెనీ లేదు, ఆఫీసు లేదు, బోర్డు కూడా లేదు, మంచి రెండంకెల నంబరు ఊరికే పడి ఉంది, ఇదేం దుబారా అన్నాను. ఆవిడ నా వంక జాలిగా చూసి, "కంపెనీని మూసేస్తారబ్బాయ్. అది చేసిన మెషీన్లను ఎవరు మూస్తారు? యజమాని పోయాడని వాటికి ఎవరు చెబుతారు? అవి ఆ నంబరు మీదే రాసుకుంటూ ఉంటాయి" అన్నారు. నేను తలూపాను. అర్థమైందని కాదు, భోజనాల వేళైందని.

ఇక సన్మాన పత్రం సంగతి. అధ్యక్షులవారు ఇందాక ఎంతో ఆప్యాయంగా చదివారు, అద్దాల ఫ్రేములో ఇదిగో ఇక్కడే ఉంది. "ముప్ఫై ఒక్క సంవత్సరాల సుదీర్ఘ సేవలో, చంద్రునిలో మచ్చవలె, ఒకే ఒక్క పొరపాటు మినహా, వీరి రిజిస్టరు నిష్కళంకము" అని అందులో ఉంది. మంచి వాక్యం. మీరంతా చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. నా పక్కనున్న మిత్రుడు మోచేత్తో పొడిచినా కొట్టలేదు.

ఆ మచ్చ గురించి చెప్పడానికే లేచాను. ఇంతసేపూ చెప్పిందంతా, నిజం చెప్పాలంటే, ధైర్యం చాలక చేసిన కాలయాపన.

మూడేళ్ల పైమాట. నేను చేరి ఆరు నెలలైంది. ఇంకా ప్రొబేషన్. మేడంగారు కంటి ఆపరేషను చేయించుకుని రెండు వారాలు సెలవులో ఉన్నారు. పుస్తకం నా చేతిలో ఉంది. అప్పుడే లిఫ్టులు తయారుచేసే ఒక కొత్త కంపెనీ నుంచి ఒకాయన వచ్చాడు. వరుస ప్రకారం ఆయనకు రావాల్సింది రెండువేల మూడువందల పదహారు. ఆ నంబరు చూసి ఆయన మొహం ముడుచుకుపోయింది. "ఏంటి తమ్ముడూ, లాటరీ టికెట్ నంబరులా ఉంది. మా ఎండీగారు రెండంకెలది పట్టుకు రమ్మన్నారు. పెద్ద కంపెనీలన్నిటికీ రెండంకెలేనంట కదా. చూడరాదూ, ఏ మూలనైనా ఒకటి ఉందేమో. నీ అంత చురుకైనవాడు తల్చుకుంటే దొరక్కపోదు." ఆయన నాకు లంచమేమీ ఇవ్వలేదు. ఒక పెన్ను కూడా ఇవ్వలేదు. పొగిడాడంతే. పొగడ్తకే పడిపోయేవాడికి లంచం దండగ. నేను పుస్తకం తిప్పాను. ముప్ఫై ఎనిమిది. మందులు చల్లగా ఉంచే పెట్టెలు తయారుచేసి, పదకొండేళ్ల కిందట మూతపడిన కంపెనీది. ఊరికే పడి ఉంది. ఇచ్చేశాను. ఆయన నా రెండు చేతులూ పట్టుకుని ఊపాడు. ఆ రాత్రి నాకు నేనే తెగ నచ్చాను.

అయిదు నెలలు ఏమీ కాలేదు. తర్వాత ఒక ఆసుపత్రిలో, కింది అంతస్తులో, మందుల గదిలో ఆ పాతకాలపు చల్లటి పెట్టె ఒకటి పాడవడం మొదలుపెట్టింది. పాపం అది తన పని తాను చేసింది. ముప్ఫై ఎనిమిది చుక్క వేడి, ఎక్కువగా ఉంది, అని రాసింది. ఆసుపత్రిలో లాగ్‌లు చూసే కంప్యూటరు ముప్ఫై ఎనిమిది ఎవరిదా అని మన జాబితాలో వెతికింది. లిఫ్టులవారిదని ఉంది. వాళ్ల మెకానిక్‌కు కబురు వెళ్లింది. ఆయన ఇరవై నిమిషాల్లో వచ్చాడు, పైకీ కిందకీ రెండుసార్లు తిరిగాడు, గొలుసుకు నూనె రాసి వెళ్లిపోయాడు. మర్నాడు మళ్లీ కబురు. మళ్లీ వచ్చాడు, మళ్లీ నూనె. మూడో రోజు మందుల గది చూసుకునే ఫార్మసిస్టుగారు ఆయన్ను ఆపి, "లిఫ్టు శుభ్రంగా పనిచేస్తోంది కదయ్యా, రోజూ దేనికొస్తున్నావ్?" అని అడిగారు. "ఏమోనమ్మా, మీ లిఫ్టుకు ఒళ్లు కాలిపోతోందని రోజూ మెసేజ్ వస్తోంది. నేను చెయ్యి పెట్టి చూస్తే చల్లగానే ఉంది" అన్నాడాయన. ఆవిడ తెలివైన మనిషి. ఇక్కడ వేడెక్కకూడనిది లిఫ్టు కాదే అనుకుని, గదిలోకి వెళ్లి ఒక్కో పెట్టె తెరిచి చెయ్యి పెట్టి చూశారు. మూడోది గోరువెచ్చగా ఉంది.

పన్నెండు డబ్బాల మందు పారబోశారు. అందులోంచి ఒక్క చుక్క కూడా ఎవరికీ ఎక్కించలేదు. అది ఆ ఫార్మసిస్టుగారి పుణ్యం, నాది కాదు.

మంచినీళ్లు... ధన్యవాదాలు.

ఆసుపత్రి నుంచి ఉత్తరం వచ్చిన రోజు మేడంగారు నన్ను గదిలోకి పిలిచారు. తలుపు వెయ్యమన్నారు. "ముప్ఫై ఎనిమిది ఎవరిచ్చారు?" అన్నారు. నేనే మేడం అన్నాను. "ఎందుకిచ్చావ్?" ఖాళీగా ఉందని మేడం. ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "తెలిసి చేశావా, తెలియక చేశావా?" తెలిసీ తెలియక మేడం అన్నాను. "మొదటి రెంటికీ మందుంది. ఇదే ప్రమాదం" అన్నారు. తిడతారనుకున్నాను. తిడితే బాగుండేది. పుస్తకం తెరిచి, ముప్ఫై ఎనిమిది కింద, ఆవిడ చేతిరాతతో ఇలా రాశారు: "ఈ నంబరు పొరపాటున రెండోసారి ఇవ్వడమైనది. పొరపాటు రిజిస్టరు నిర్వాహకురాలిది."

మేడం, అది మీరు కాదు కదా అన్నాను. "పుస్తకం ఎవరిది?" అన్నారు. మీదే. "మరింకేం. నువ్వు ప్రొబేషన్‌లో ఉన్నావ్, నేను లేను. పోయి ఆ కంపెనీ పెట్టెలు ఇంకా ఎక్కడెక్కడ బతికున్నాయో కనుక్కో." ఏడు వారాలు ఫోన్లు చేశాను. రెండు వందల పధ్నాలుగు దొరికాయి. ప్రతి చోటా ఎవరో ఒకరు, "అదా, అది మా తాతల నాటిదండీ, ఇంకా పనిచేస్తోంది" అన్నారు. అన్నిటికీ సరైన మెకానిక్‌ను కుదిర్చాం. లిఫ్టులవారికి నాలుగంకెల నంబరే ఇచ్చాం. ఆయనిప్పుడు నన్ను తమ్ముడూ అనడం మానేశాడు.

పని మొత్తం చేశాను. ఒక్క పని తప్ప. ఆ పొరపాటు నాదని పైవాళ్లెవరికీ చెప్పలేదు. గట్టిగా చెప్పలేదు, మెల్లగా కూడా చెప్పలేదు. ప్రొబేషన్ అయిపోయాక చెబుదామనుకున్నాను. అయిపోయింది. ప్రమోషన్ వచ్చాక చెబుదామనుకున్నాను. వచ్చింది. నోరు తెరిస్తే మూయనివాడినని నాకు మేడంగారు వాగుడుకాయ అని పేరు పెట్టారు. అంతటి వాగుడుకాయ ఒక్క వాక్యం మూడేళ్లు మింగి కూర్చున్నాడు.

మొన్న గురువారం ఆవిడ బీరువా సర్దుతూ ఒక ఫైలు చూశాను. ప్రోటోకాల్ కొత్త కూర్పులో పేర్ల అధ్యాయం ఎలా ఉండాలో తొంభై పేజీల నోట్సు. అన్ని దేశాలవాళ్లూ కూర్చుని ఆ కూర్పు రాసిన కమిటీకి మన తరఫున వెళ్లాల్సింది ఆవిడేనట. రికార్డులో పొరపాటుంది కనుక ఇంకొకరిని పంపారట. ఆ ఫైలు మీద దుమ్ము ఉంది గానీ, దాని గురించి ఆవిడ నాతో ఒక్క మాట కూడా అనలేదు. ఈ మూడేళ్లలో టీ చల్లారిందని విసుక్కున్నారు, నా చొక్కా నలిగిందని విసుక్కున్నారు, అది మాత్రం అనలేదు.

అధ్యక్షా, తమ కోటు జేబులో ఒక కవరుందని నాకు తెలుసు. సోమవారం నుంచి ఆ రిజిస్టరు నేను చూసుకోవాలన్న ఆర్డరు అందులో ఉంది. నా ప్రసంగం కాగానే ఇస్తారని కార్యక్రమ పత్రంలో అచ్చు వేశారు. అందుకే ఇప్పుడు చెబుతున్నాను. ముప్ఫై ఎనిమిది ఇచ్చింది నేను. మేడంగారి రిజిస్టరులో ఆవిడ చేసిన పొరపాట్లు సున్నా.

(సభలో గుసగుసలు. మేడంగారు కూర్చున్న చోటు నుంచే ఏదో అన్నారు.)

వినపడింది మేడం, కానీ వెనకవాళ్లకు వినపడలేదు. "ఇక చాల్లే, దిగిరా, టీ చల్లారిపోతోంది" అంటున్నారు. దిగనండి. నాలుగేళ్లలో మీ మాట కాదనడం ఇదే మొదలు. "పుస్తకం నాది, నేను రాసిందే ఉంటుంది" అంటున్నారు. ఇప్పుడు టైము నాలుగూ నలభై. అయిదింటి దాకా పుస్తకం మీదే, ఒప్పుకుంటాను. కానీ పదకొండో నియమం మీరే నాకు బట్టీ పట్టించారు. ఏ నమోదులోనైనా తప్పుంటే సవరణ ఎవరైనా అడగవచ్చు. నిర్వాహకులు కాదనదలిస్తే కారణం రాసి ఇవ్వాలి. రాయండి మేడం, ఇదిగో కాగితం. "వీడు నా శిష్యుడు కనుక" అని రాస్తే చెల్లదు, ముందే చెబుతున్నాను.

(నవ్వులు. అధ్యక్షులు చెయ్యెత్తి ఆపారు.)

అధ్యక్షులవారు అడుగుతున్నారు, ఈ ముక్క ఆర్డరు చేతికొచ్చాక చెప్పొచ్చు కదయ్యా, ఇప్పుడే ఎందుకని. అలా చేస్తే అది రెండో తప్పు అవుతుంది సార్. మొదటిదానికే నాకు మూడేళ్లు పట్టింది.

దయచేసి కూర్చోండి, ఎవరూ లేవకండి. మేడంగారు మాత్రమే వస్తున్నారు. మెట్టు చూసుకోండి మేడం.

(మేడంగారు రిజిస్టరు పట్టుకుని వేదిక మీదికి వచ్చి తెరిచారు. ప్రసంగం కాసేపు ఆగింది.)

జరిగింది చెబుతాను, వెనకవాళ్లకు కనపడలేదు కనుక. ఆవిడ పేజీ తీసి పెన్ను నా చేతిలో పెట్టారు. నేను పాత వరుస కొట్టెయ్యబోతే చెయ్యి పట్టుకుని, "కొట్టెయ్యకు. ఈ పుస్తకంలో ఏదీ కొట్టెయ్యం. కింద రాయి" అన్నారు. నేను కింద రాశాను. నంబరు రెండోసారి ఇచ్చినది నేనని, నిర్వాహకురాలు సెలవులో ఉన్నారని, నా పేరు, ఇవాళ్టి తేదీ. ఆవిడ వంగి చూసి, "చీమ కాళ్లలా ఏంటా అక్షరాలు? తప్పు ఒప్పుకునేటప్పుడు కాస్త పెద్దగా రాయాలబ్బాయ్, చూసేవాళ్ల కళ్లు కూడా చూసుకోవాలి" అన్నారు. మళ్లీ పెద్దగా రాశాను. ఆవిడ సంతకం చేశారు. చేశాక కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆ మాట చెప్పొద్దన్నారు, చెప్పేశాను.

ఇక ఈ ఫ్రేము. అందులో ఉన్న వాక్యం ఇప్పుడు అబద్ధం. ఇక్కడెవరి దగ్గరైనా స్క్రూడ్రైవరు ఉందా? ఉందట. మేడంగారి భర్త, కళ్లజోళ్లు బాగుచేస్తారట, జేబులో చిన్నది ఎప్పుడూ ఉంటుందట. రండి బాబాయ్‌గారూ, ఆ వెనక నాలుగు మరలు. "పెళ్లయిన ఇన్నేళ్లకు మీ ఆఫీసులో నాకో పని దొరికింది" అంటున్నారాయన. (నవ్వులు) అధ్యక్షులవారు తమ చేత్తోనే ఆ ఒక్క వాక్యం కొట్టేస్తున్నారు. సన్మాన పత్రంలో కొట్టెయ్యవచ్చు మేడం, కొట్టెయ్యకూడదన్న నియమం పుస్తకానికే.

అధ్యక్షులవారు ఇంకో మాట కూడా అన్నారు. ఆ తొంభై పేజీల ఫైలు సోమవారం తమ బల్ల మీద ఉండాలని. కవరు మాత్రం బయటికి తీసి మళ్లీ జేబులో పెట్టుకున్నారు. మన ఆఫీసు కమిటీ కూర్చుని ఆలోచించాలట. సరైన మాట సార్. మూడేళ్లు దాచినవాడికి మూడు రోజుల్లో పుస్తకం ఇవ్వడం నాకూ తొందరపాటే అనిపిస్తుంది. ఫైలు మాత్రం నేనే తెస్తాను, దుమ్ము దులిపి తెస్తాను. ఆ తర్వాత నన్ను ఎక్కడ కూర్చోమంటే అక్కడ కూర్చుంటాను. ఎవరు చూసినా ఆ పుస్తకంలో నా తప్పు నా పేరు కిందే ఉంటుంది. ఇంత తేలిగ్గా ఊపిరి పీల్చుకుని చాలా కాలమైంది.

మేడం, మీ దగ్గర పని నేర్చుకున్నానని నేను చెప్పుకుంటే మీ పరువు పోతుందేమో గానీ, చెప్పుకోక మానను. అయిదు నిమిషాలిస్తే ఇరవై వాడుకున్నందుకు అధ్యక్షులవారికి క్షమాపణలు, వినడానికి వచ్చి వినకూడనిది కూడా విన్నందుకు మీ అందరికీ కృతజ్ఞతలు, స్క్రూడ్రైవరు తెచ్చిన బాబాయ్‌గారికి ప్రత్యేకంగా మరోసారి. ఇక నాకు చెప్పవలసింది ఏమీ మిగల్లేదు. మనసారా, సెలవు.